పత్తి బేళ్లు గోదాములో ఎట్లా పేర్చాలి: కూలకుండా, కాలకుండా

గోదాములో ఖాళీ జాగా కనబడితే చాలు, మన సేట్లకు నిద్ర పట్టదు. దీపావళి నుంచి సంక్రాంతి దాటేదాకా ఎనుమాముల మార్కెట్‌కు పత్తి జోరుగా వచ్చే రోజుల్లో, పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల నుంచి లారీ వెనక లారీ దిగుతుంటే ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది: "గోడ పక్కన అంత జాగా ఎందుకు వదిలినవ్, ఇంకో ముప్పై బేళ్లు పడతయి గద!" వరంగల్ చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో పదిహేడేళ్లుగా గోదాము చూస్తున్నాను, ఈ ఫోన్ రాని సీజన్ లేదు. ఆ జాగా ఎందుకు వదలాలో తెలిస్తే బేళ్లు పేర్చడం సగం వచ్చినట్టే.

ముందు గోడ సంగతి. దొంతరకూ గోడకూ మధ్య కనీసం రెండు అడుగులు, మనిషి పక్కకు తిరిగి నడిచేంత జాగా ఉండాలి. ఎలుకలు, చెమ్మ, కారే రేకు, ఇవన్నీ చూడాలంటే మనిషి వెనక్కి వెళ్లగలగాలి, అది ఒక కారణం. రెండోది చాలామందికి తట్టదు. పత్తి నీళ్లు తాగితే ఉబ్బుతుంది. నిప్పు అంటుకుని ఫైరింజన్ వచ్చి గంటల తరబడి నీళ్లు కొడితే, ప్రెస్సులో నలిపి కట్టిన బేలు అన్ని పక్కలకూ పొంగి గోడను బయటికి తోస్తుంది. మంటకు నిలబడ్డ గోడ కూడా బేళ్ల ఉబ్బుకు పగుళ్లిచ్చి మనుషుల మీద పడొచ్చు. అందుకే ఆ రెండు అడుగుల దగ్గర నేను సేటుతో బేరానికి దిగను.

కింద నేల చూసుకోండి. ఉత్త సిమెంటు నేల మీద బేలు పెడితే వానాకాలంలో నేల చెమర్చి అడుగు వరుసకు బూజు పడుతుంది, రంగు పచ్చబడుతుంది, ఆ మచ్చ దారం దాకా వస్తుంది. చెక్క ప్యాలెట్లు గానీ మందపాటి దుంగలు గానీ వేసి, నాలుగు అంగుళాలైనా గాలి ఆడేలా పైకి లేపాలి. గోదాము నేల బయటి రోడ్డు కన్నా ఎత్తులో ఉందా అన్నది మే నెలలోనే చూసుకోవాలి. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది, ఆ వారం వరంగల్‌లో ఎన్ని కాలనీలు నీళ్లలో ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. రేకుల మీద ఎండలో తిరిగి బోల్టు రంధ్రాలు, పగుళ్లు వెతికి పూడ్పించడం వేసవి పనే. వాన మొదలయ్యాక తార్పాలిన్ కప్పితే అది లోపలి ఆవిరిని కూడా పట్టి ఉంచుతుంది, పైన పొడిగానే ఉంటుంది కానీ లోపల ముక్కిపోతుంది.

తేమ విషయంలో ఒక గందరగోళం ఉంది. సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోలు కేంద్రంలో 8 నుంచి 12 శాతం తేమ దాకా తీసుకుంటారు కదా, బేలుకూ అంతే అనుకుంటారు కొందరు. అది గింజతో ఉన్న పత్తి లెక్క. గింజ తీసి ప్రెస్సు చేసిన దూదికి 8 శాతం చుట్టూ ఉంటే మామూలు. తేమ మీటరు ముల్లు గుచ్చినప్పుడు పది దాటి చూపిస్తే ఆ బేలును విడిగా పెట్టి, జిన్నింగ్ మిల్లుకు అప్పుడే ఫోన్ చేయండి. వారం పోయాక చేస్తే "మీ గోదాములోనే తడిసింది" అంటారు.

ఇక పేర్చడం. మన బేలు 170 కిలోలు, సుమారు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు. లారీకి వంద బేళ్లు దింపామంటే 17 టన్నులు. బేలుకు అన్ని ముఖాలూ ఒకటి కాదు, కొన్ని చదునుగా ఉంటాయి, కొన్ని తీగల మధ్య పొట్టలా ఉబ్బి ఉంటాయి. చదును ముఖం కింద పెట్టాలి. జాగా కలిసొస్తుందని బేలును నిలువుగా నిలబెట్టి దాని మీద ఇంకోటి ఎక్కించే అలవాటు ఉంటే ఇవాళే మానెయ్యండి. ఇటుక గోడ కట్టినట్టు కింది రెండు బేళ్ల అతుకు మీద పై బేలు కూర్చోవాలి, పైకి పోయేకొద్దీ అంచు వరుస ఒక్కో బేలు లోపలికి జరగాలి. హమాలీలు చేత్తో పేర్చితే నేను మూడు వరుసలు దాటనివ్వను, బేలును రెండు పక్కలా పట్టి ఎత్తే క్లాంపు బండి ఉంటే ఐదు. ఐదు వరుసలంటే అర చదరపు మీటరు నేల మీద 850 కిలోలు. పాత భవనాల్లో మేడ మీద బేళ్లు పెట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

తీగ తెగిన బేలు దొంతరలోకి పోకూడదు. ఒక్క తీగ తెగినా బేలు ఆ వైపు ఉబ్బుతుంది, పైన ఉన్నది ఒరుగుతుంది, రెండు మూడు రోజుల్లో మొత్తం వరుస మెల్లగా వంగుతుంది. రోజూ చూసే కంటికి ఆ వంపు తెలియదు. మా దగ్గర దారానికి రాయి కట్టి పై బేలు అంచు నుంచి వేలాడదీస్తాం, కింద ఎంత ఎడం వచ్చిందో సుద్దముక్కతో గీత పెట్టి తారీఖు రాస్తాం. గీత జరిగితే ఆ దొంతర విప్పి మళ్లీ పేర్చాల్సిందే. తీసేటప్పుడు ఎప్పుడూ పై నుంచి, మెట్లు మెట్లుగా. మిక్సింగ్‌కు, అంటే బేళ్ల దూది కలపడానికి, ఫలానా పీఆర్ నంబర్ (ప్రెస్సులో బేలుకు వేసే వరుస నంబర్) బేలే కావాలని నడుమ నుంచి లాగడం వల్లనే కాళ్లు, నడుములు విరుగుతాయి. అందుకే లాట్లను ముందే విడివిడిగా పేర్చి, నంబర్లు దారి వైపుకు కనబడేలా పెట్టుకోవాలి.

దారుల సంగతి త్వరగా చెప్తాను. నడుమ పెద్ద దారి బండి తిరిగేంత ఉండాలి, రెండు తలుపులూ దానికి ఎదురుగా ఉండాలి. సీజన్లో "రెండు రోజులకే" అని ఆ దారిలో దించిన బేళ్లు సంక్రాంతి దాకా కదలవు, కాబట్టి అసలు దించనివ్వొద్దు. పైకప్పుకూ పై వరుసకూ మధ్య మీటరు వదలండి. స్ప్రింక్లర్లు ఉన్న చోట బేళ్లు వాటికి అడ్డం పడితే అవి ఉన్నా లేనట్టే.

కరెంటు లైట్లు దారుల మీద ఉండాలి, బేళ్ల నెత్తిన కాదు. మూత ఉన్న ఎల్ఈడీలు తప్ప హాలోజన్ వద్దు. మెయిన్ స్విచ్ గోదాము బయట. బండి బ్యాటరీ ఛార్జింగ్ బయట, వాచ్‌మన్ సెల్ ఛార్జర్ కూడా బయటే, నవ్వొద్దు. బీడీలు, అగ్గిపెట్టెలు గేటు దగ్గర డబ్బాలో వేయించి లోపలికి పంపండి, సూపర్‌వైజర్ సిగరెట్ పెట్టె కూడా అందులోనే పడితే హమాలీలు అడక్కుండా వేస్తారు. లారీ సైలెన్సర్ బేళ్ల వైపుకు ఉండకూడదు. నేల మీదా, పైపుల మీదా పేరుకున్న దూది తుక్కు రోజూ ఊడ్చాలి, ఎందుకంటే బేలు మెల్లగా కాలుతుంది కానీ ఈ తుక్కు మాత్రం రెప్పపాటులో ఈ మూల నుంచి ఆ మూలకు మంటను మోసుకుపోతుంది.

ఎండలు 45 డిగ్రీలకు పోయినప్పుడు "పత్తి దానంతట అదే అంటుకుంది" అంటారు. పొడి పత్తి ఎండకు అంటుకోదు. నూనె పడ్డ పత్తి వేరు, అది లోలోపల వేడెక్కవచ్చు, కాబట్టి గ్రీజు గుడ్డలు, నూనె మరకల బేళ్లు గోదాములో ఉంచొద్దు. మిగతా వాటికి వైరింగో, బీడీయో, బయటి నుంచి వచ్చిన నిప్పో ఉంటుంది.

ఆ బయటి నుంచి వచ్చే నిప్పు గురించి చివర రాస్తున్నాను కానీ, లారీ దిగేటప్పుడు మొదట చూడాల్సింది అదే. చేను నుంచి పత్తితో పాటు రాయో, ఇనుప బోల్టో వస్తుంది, జిన్నింగ్ యంత్రంలో తగిలి నిప్పురవ్వ లేస్తుంది, అది దూదితో కలిసి ప్రెస్సులోకి పోయి బేలు కడుపులో ఉండిపోతుంది. గాలి తక్కువ కాబట్టి మండదు, ఆరదు. రోజుల తరబడి తొలుచుకుంటూ పోతుంది.

ఒక డిసెంబరు రాత్రి లారీ దాదాపు దించేశాం. పెద్ద హమాలీ ఒకాయన వచ్చి "సారూ, గుడ్డ మాడిన వాసన వస్తాంది" అన్నాడు. పొగ లేదు. కొత్తగా దించిన బేళ్లన్నిటి మీదా అరచేతులు పెట్టుకుంటూ పోయాం. రెండో వరుసలో ఒకదానికి, పక్క ముఖం మీద, రూపాయి బిళ్లంత గోధుమరంగు మచ్చ, ఆ మచ్చ దగ్గర తీగ గోరువెచ్చగా ఉంది. క్లాంపు బండితో ఆ బేలును యార్డులోకి తీసి గోదాముకు యాభై అడుగుల దూరంలో పెట్టాం. ఒక కుర్రాడు కట్టరు తీసుకుని తీగ కోయబోతే అరిచి ఆపాను. కోస్తే బేలు ఒక్కసారిగా విచ్చుకుని గాలి లోపలికి పోయి ముఖం మీదికే మంట లేస్తుంది. నీళ్లు పోస్తే పైపైనే జారిపోయాయి, డ్రమ్ములో సర్ఫు కలిపి పోస్తే కొంచెం కొంచెంగా ఇంకాయి. మిగతా బేళ్లను కూడా లోపలికి పంపకుండా వారం పాటు షెడ్డు కింద విడివిడిగా ఉంచి, పూటకోసారి చెయ్యి పెట్టి చూశాం.

మూడో రోజు పైపు సిద్ధంగా పట్టుకుని, ఒక్కో తీగనే పక్కన నిలబడి కోశాం. లోపల మూరెడు పొడవు నల్లటి సొరంగం, దాని అంచుల్లో ఎర్రగా నిప్పు ఇంకా ఉంది. పొడి సిలిండరు, సీఓటూ సిలిండరు పైమంటకు పనికొస్తాయేమో కానీ ఆ సొరంగంలోకి చేరవు. దూది పొరలు పొరలుగా విప్పి తడపడమే. గోదాములోనే మంట కనబడితే ముందు 101కి ఫోన్, తరవాతే పైపు. మంట ఆరిందన్నాక కూడా తడిసిన బేళ్లన్నీ యార్డులోకి తీసి రాత్రంతా ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టండి, మా బేలు విప్పి తడిపిన కుప్పలో మర్నాడు పొద్దున మళ్లీ పొగ లేచింది.