ఇంట్లో పెద్దవాళ్లకి షుగర్‌తో పాటు మతిమరుపూ మొదలైతే

షుగర్ చూసుకోవడమంటే సగం జ్ఞాపకశక్తి పనే. ఏ మాత్ర తినకముందు, ఏది తిన్నాక, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు, వేసుకున్నాక ఎంతసేపట్లో తినాలి, ఒళ్లు వణికితే ఏం చేయాలి... ఏళ్ల తరబడి ఇదంతా వాళ్ల బుర్రలోనే నడిచిపోయింది కాబట్టి ఇంట్లో ఎవరికీ దాని బరువు తెలీదు. మతిమరుపు వచ్చాక ముందుగా తప్పేది ఈ లెక్కే. చిన్ననాటి కబుర్లన్నీ గుర్తుంటాయి, పొద్దున మాత్ర వేసుకున్నారో లేదో మాత్రం గుర్తుండదు. మనమేమో రీడింగులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని చూసి, నోరు కట్టుకోవట్లేదని వాళ్లనే కోప్పడతాం.

మతిమరుపును వయసు ఖాతాలో వేసేసే ముందు డాక్టర్ని అడిగి కొన్ని పరీక్షలు చేయించండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర చాలా ఏళ్లు వాడితే ఒంట్లో బీ12 విటమిన్ తగ్గిపోవచ్చు, అది తగ్గితే మతిమరుపూ రావచ్చు, కాళ్ల తిమ్మిర్లూ రావచ్చు. థైరాయిడ్ సరిగ్గా పనిచేయకపోయినా, డిప్రెషన్ ఉన్నా మనిషి మందగించినట్టే కనిపిస్తారు. కళ్లు, చెవులు కూడా చూపించండి. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిని మాత్రల అట్ట మీద పేరు కనబడక ఒకదానికి బదులు ఇంకొకటి వేసుకుంటే, దాన్ని కూడా మనం మతిమరుపే అనుకుంటాం. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

ఇక మందులు. ఇవి ఒక్కరి చేతికి రావాలి. "అందరం చూసుకుంటున్నాం" అన్న ఇంట్లో ఒకరోజు ఎవరూ ఇవ్వరు, ఇంకోరోజు ఇద్దరిస్తారు. వారానికి సరిపడా గళ్లున్న మాత్రల డబ్బా మంచిదే కానీ, గడి ఖాళీ అయినంత మాత్రాన మాత్ర కడుపులోకి పోయినట్టు కాదు. దిండు కింద, జేబులో, నీళ్ల గ్లాసు అడుగున దొరుకుతుంటాయి. మింగి నీళ్లు తాగేదాకా పక్కనే ఉండండి. మిగతా మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ పెన్ను, వాళ్ల కంటపడని చోట పెట్టండి. ఎన్నో ఏళ్లు వేసుకున్న చెయ్యి కదా, పెన్ను దొరికితే ఇంకోసారి వేసేసుకుంటారు. వేసుకోవడం ఎలాగో చేతికి గుర్తే, ఇందాకే వేసుకున్న సంగతి గుర్తుండదు. అలాగని పెత్తనమంతా ఒక్కసారిగా లాగేసుకుంటే మొండికేస్తారు. వేలు వాళ్లనే చాపమనండి, దూది వాళ్లనే పట్టుకోమనండి, డోసు తిప్పడం మాత్రం మీరు చేయండి.

అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది షుగర్ పడిపోవడానికి. ఇన్నాళ్లూ పెరగకూడదు పెరగకూడదు అని విని విని ఉంటాం కాబట్టి ఇది ఓ పట్టాన మింగుడుపడదు. 70 కంటే తగ్గితే లో కింద లెక్క, 54 కంటే తగ్గితే ప్రమాదం. పెద్దవయసులో చెమటలు, వణుకు స్పష్టంగా తెలియకపోవచ్చు, పైగా బీపీకో గుండెకో బీటా బ్లాకర్లు వాడుతుంటే అవి వణుకునీ గుండెదడనీ కప్పేస్తాయి. పైకి కనబడేది గందరగోళం ఒక్కటే. సాయంత్రం పూట "ఇంటికెళ్లిపోతా" అంటూ తలుపు గొళ్లెం లాగుతుంటారు, ఇల్లు ఇదేనని ఎంత చెప్పినా వినరు, మాట కాస్త ముద్దగా వస్తుంటుంది, నుదుటి మీద చెయ్యి పెడితే చల్లగా, తడిగా తగులుతుంది. మతిమరుపు ముదిరిందనుకుని బతిమాలుతూ కూర్చుంటాం, తీరా మీటర్ పెడితే 58 ఉంటుంది. కాబట్టి ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు షుగర్ చూడండి, వాదన తర్వాత. (తర్వాత కూడా వాదించకండి, అది వేరే సంగతి.)

లో ఉందని తేలితే, స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల తీపి ఇవ్వాలి: అర కప్పు పళ్లరసం గానీ, ఒక పెద్ద చెంచా చక్కెర నీళ్లలో కలిపి గానీ. 15 నిమిషాలాగి మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. చాక్లెట్ పెట్టొద్దు, అందులోని కొవ్వు వల్ల షుగర్ మెల్లగా ఎక్కుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, షుగర్‌ని పైకి లేపే గ్లూకగాన్ మందు డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే అది ఇవ్వండి. ఇంకో చిన్న విషయం, గుచ్చే ముందు చేతులు కడిగించి తుడవండి. పండు తిన్న వేలితో చూస్తే ఒంట్లో లేని షుగర్‌ని మీటర్ చూపిస్తుంది, లోపల లో అయిపోతున్నా మీకు తెలియదు.

డాక్టర్ని కలిసినప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న "ఇంకా ఎలా తగ్గించాలి" అని కాదు, "మందులు తేలిక చేయొచ్చా" అని. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష) 8 లోపు ఉంటే చాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మార్గదర్శకాలే చెబుతున్నాయి, మతిమరుపు బాగా ముదిరిన వాళ్లలో ఆ అంకె వెంట పడటం కూడా మానేసి, లో కాకుండా, మరీ పెరిగి ఇబ్బంది పడకుండా చూడమంటాయి. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటివి షుగర్‌ని పడేసే మందులు, వీటి గురించి పేరుపెట్టి అడగండి. ఇన్సులిన్ రోజుకి ఇన్నిసార్లు అవసరమా, ఒకసారికి మార్చే వీలుందా? రెండు ముద్దలు తిని లేచిపోయే మనిషికి ముందే డోసు వేసేసి కూర్చోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు, అందుకని తిన్న వెంటనే వేసే రకం కుదురుతుందా అని కూడా అడగండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు.

తిండి దగ్గర గొడవలు తప్పవు. "నాకెవరూ ఏమీ పెట్టలేదు" అంటే "ఇందాకే తిన్నావుగా" అన్న జవాబు పనిచేయదు, వాళ్ల లెక్కలో తినలేదంతే. "వస్తోంది, ఈలోగా ఇది తీసుకోండి" అని తీపి లేనిదేదో కొంచెం చేతిలో పెట్టి మాట మార్చండి. తీపి వస్తువులు ఎదురుగా లేకుండా చూడటం, తినొద్దని చెప్పడం కంటే వంద రెట్లు సులువు. బరువు తగ్గిపోతుంటే పథ్యం సడలించే సంగతి డాక్టర్‌తో మాట్లాడండి. నీళ్లు అడగరు, మీరే గుర్తుచేసి ఇవ్వాలి. స్నానమయ్యాక అరికాళ్లు, వేళ్ల సందులు రోజూ చూడండి, స్పర్శ పోయిన కాలికి పుండు పడినా నొప్పి తెలియదు, తెలిసినా చెప్పడం మర్చిపోతారు.

మతిమరుపు మామూలుగా నెలల మీద, ఏళ్ల మీద పెరుగుతుంది. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో మనిషి పూర్తిగా మారిపోతే అది వేరే జబ్బు: మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ విపరీతంగా పెరిగి ఒంట్లో నీరు తగ్గిపోవడం, సోడియం పడిపోవడం, ఏదైనా కావచ్చు. మూతి వంకరపోయినా, చెయ్యి ఒక పక్క జారిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చూసుకునే మనిషికీ సెలవు కావాలి. దూరంగా ఉండి ఫోన్లో సలహాలిచ్చే తోబుట్టువులకి ఫలానా వారం నీదని తేదీలతో సహా చెప్పండి, "వీలైతే రండి" అంటే ఎవరికీ వీలు కాదు. వచ్చినవాళ్ల కోసం ఒక కాగితం రాసిపెట్టండి: మందుల పేర్లు, వేళలు, లో అయితే ఏం ఇవ్వాలి, అది ఎక్కడుంది, డాక్టర్ నంబరు. ఏ మాటకి ఒప్పుకుంటారో కూడా అందులో రాయండి. మా నాన్న "షుగర్ చూడాలి" అంటే పిడికిలి బిగిస్తారు, "డాక్టర్ గారు నంబరు అడుగుతున్నారు నాన్నా" అంటే వేలు చాపుతారు.