టేకులో బెజ్జం పక్కకు జారుతోందా? నాకు పనిచేసింది ఇదీ

టేకు చెక్కలో 8 మి.మీ. బెజ్జం వేస్తుంటే డ్రిల్ మెషిన్‌కు తగిలించే బిట్, పెట్టిన గుర్తు మీద నిలవకుండా పక్కకు జారేది, పొగ వచ్చేది, అంచులు పెచ్చులు లేచేవి. స్పీడ్ తగ్గించా, మైనం రాశా, డ్రిల్ మెషిన్ కూడా మార్చి చూశా, లాభం లేదు.

నా దగ్గరున్న చవక బిట్ల సెట్టు పక్కన పెట్టేసి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో విడి బిట్లు అడిగాను, మధ్యలో సూదిమొన, రెండు పక్కలా చిన్న కోరలు ఉండే చెక్క బిట్లు. ముందు బిట్‌ను కౌంటర్ అద్దం మీద దొర్లించాను, వంకర ఉంటే మొన ఊగుతూ అక్కడే దొరికిపోతుంది. తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మొన చూశా: కోరలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, సూది నడిమధ్యలో ఉండాలి. చవక బిట్లలో ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే, అందుకే ఎంతసేపైనా సరే ఒక్కొక్కటీ చూసి ఏరుకోండి. బంగారు రంగు పూత చూసి మాత్రం నమ్మొద్దు, లోపలి స్టీల్ ఏంటో అది చెప్పదు.

ఇంటికొచ్చి తుక్కు చెక్క మీద, కింద ఇంకో చెక్క బిగించి, మధ్యమధ్యలో బిట్ పైకి లాగి పొట్టు దులుపుతూ వేశాను. పొడి బదులు సన్నటి చెక్క పొరలు వచ్చాయి, పొగ లేదు, అంచు నున్నగా తెగింది.

ఇదంతా టేకు, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) మీద చూసిన మాట. నల్లమద్ది లాంటి గట్టి చెక్కకి ఇవే బిట్లు ఎన్నాళ్లు ఆగుతాయో నేను హామీ ఇవ్వలేను.