పారిస్ ఎయిర్‌పోర్టు నుంచి సిటీలోకి ఎలా వెళ్లాలి? అక్కడ ఎలా తిరగాలి?

చార్లెస్ డి గాల్ ఎయిర్‌పోర్టులో దిగాక, బయటికి రాకముందే ఒక లెక్క వేసుకోండి: మీరు ఎంతమంది, పెట్టెలు ఎన్ని? రైలా, టాక్సీయా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

సిటీలోకి వెళ్లే ఆర్‌ఈఆర్-బి రైలుకు 2025లో మనిషికి 13 యూరోలు. టాక్సీకి ప్రభుత్వమే రేటు కట్టేసింది. 2025లో సెన్ నదికి ఉత్తరం ఒడ్డున దిగితే 56 యూరోలు, ఈఫిల్ టవర్ ఉన్న దక్షిణం ఒడ్డున దిగితే 65. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా పెరగదు, సామానుకు వేరే డబ్బు లేదు. ఒక్కరో ఇద్దరో అయితే రైలే మేలు. నలుగురుంటే రైలుకే 52 అవుతాయి, ఇంకో నాలుగు వేసుకుంటే హోటల్ గుమ్మం ముందు దిగొచ్చు. అమ్మానాన్నలు వెంట ఉంటే అసలు ఆలోచించకండి, టాక్సీ ఎక్కండి. పాత మెట్రో స్టేషన్లలో చాలాచోట్ల లిఫ్ట్ ఉండదు, 23 కిలోల పెట్టెను మెట్ల మీద మోయాల్సిందే. కాకపోతే బయట టాక్సీ క్యూలో నిలబడే ఎక్కండి. టెర్మినల్ లోపల "టాక్సీ, టాక్సీ" అంటూ దగ్గరికొచ్చేవాళ్ల వెంట మాత్రం వెళ్లొద్దు.

రైలైతే, టెర్మినల్ 2లో దిగినవాళ్లకు స్టేషన్ అక్కడే ఉంటుంది. టెర్మినల్ 1 వాళ్లు సీడీజీవాల్ అనే ఉచిత రైల్లో టెర్మినల్ 3 దగ్గరి స్టేషన్‌కు రావాలి. టికెట్ మెషీన్లలో ఇంగ్లిష్ ఉంటుంది. నవిగో ఈజీ కార్డు 2 యూరోలు, టికెట్లు అందులో లోడ్ అవుతాయి. ఒక కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు.

ఇక్కడే ఇంకో మాట. నవిగో వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం వరకే పనిచేస్తుంది. 2025లో దాని ధర 31.60 యూరోలు, ఎయిర్‌పోర్టు రైలు కూడా అందులోనే. రానూపోనూ ఎయిర్‌పోర్టు టికెట్లకే 26 పోతాయి కాబట్టి, సోమవారం దిగి ఆదివారంలోపు తిరిగెళ్లేవాళ్లకు ఇంతకు మించిన బేరం లేదు. దానికి 5 యూరోల వేరే కార్డు, చిన్న ఫొటో కావాలి. ఫొటో ఇంటి నుంచే తెచ్చుకోండి. శుక్రవారం దిగేవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఎయిర్‌పోర్టు నుంచి ఆర్‌ఈఆర్-బిలో సిటీలోని గార్ దు నోర్ స్టేషన్‌కు సుమారు అరగంట. దాని వెనకే లా షపెల్ వీధుల్లో తమిళుల హోటళ్లున్నాయి, దోసె దొరుకుతుంది.

సిటీలో మెట్రో టికెట్ 2025లో 2.50 యూరోలు. స్టేషన్ బయటికి రానంతవరకు రెండు గంటల్లోపు ఎన్ని లైన్లయినా మారొచ్చు. లైన్ నంబరుతో పాటు అది ఆగే చివరి స్టేషన్ పేరు చూసుకోండి, దిశ తెలిసేది దానితోనే. పాత రైళ్లలో తలుపు దానంతటది తెరుచుకోదు, గొళ్లెం పైకెత్తాలి. బ్యాగు ఎప్పుడూ ముందువైపే వేసుకోండి, జేబుదొంగలు ఎక్కువ. 6వ లైన్లో నాసియోన్ వైపు వెళ్తుంటే ఎడమ కిటికీ పక్కన కూర్చోండి. పాసీ దాటగానే రైలు వంతెన మీదుగా సెన్ నది దాటుతుంది, ఈఫిల్ టవర్ నిండుగా కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో అసలు జాగ్రత్త అవసరం. ఆర్‌ఈఆర్-బి మధ్యలో రెండుగా చీలుతుంది, ఒకటి ఎయిర్‌పోర్టుకు, ఇంకొకటి మిత్రీ అనే ఊరికి. ప్లాట్‌ఫాం బోర్డు మీద ఎయిర్‌పోర్టు పేరు కనిపిస్తేనే ఎక్కండి. పొరపాటున మిత్రీ రైలెక్కినా టెన్షన్ పడొద్దు, ఓల్నే-సూ-బ్వా స్టేషన్‌లో దిగి ఎయిర్‌పోర్టు రైలు పట్టుకోండి.