జానెడు ఎండు, బెత్తెడు పచ్చి
కాలనీలో ఆకు ఎరువు – 3వ పాఠం: కుప్ప పేర్చడం

పోయిన పాఠంలో చెప్పిన పంజరం సిద్ధమైతే ఈ వారం కుప్ప పేర్చేద్దాం. ఇప్పుడే చేరినవాళ్ల కోసం కొలతలు మళ్లీ చెప్తాను. నాలుగడుగుల ఎత్తున్న వెల్డ్‌మెష్ (ఇనుప తీగల జాలీ) పదకొండున్నర అడుగులు కొని, అంచులు అర అడుగు ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టి బైండింగ్ వైరుతో కట్టాలి. మూడున్నర అడుగుల వెడల్పున్న గుండ్రటి పంజరం తయారవుతుంది. అంచుదాకా నిండితే ఒక ఘనపు మీటరు కంటే కాస్త ఎక్కువే పడుతుంది. ఇంతకంటే చిన్నది పెట్టుకోకండి. చిన్న కుప్పలో పుట్టిన వేడి అప్పటికప్పుడే బయటికి పోతుంది, వేడి నిలవకపోతే ఆకు కుళ్లడం నెలల తరబడి సాగుతుంది. పంజరం పార్కులో ఓ మూల, చెట్టు నీడన, కాంపౌండ్ గోడకి కనీసం రెండడుగుల దూరంలో ఉందో లేదో ఓసారి చూసుకోండి. గోడకి ఆనిస్తే చెదలు గోడెక్కుతాయి. ఆ తర్వాత సంఘం మీటింగులో ఎవరు లేచి ఏమంటారో మీకే తెలుసు.

ఆకు ఎరువు అనగానే కాలనీలో మొదట వినిపించే మాట "కంపు కొడుతుందండీ". హైదరాబాద్‌లో మాత్రం కుప్పలు ఎక్కువగా పాడయ్యేది కుళ్లి కాదు, ఎండిపోయి. శివరాత్రి దాటిందంటే గాలిలో తేమ పోతుంది, ఏప్రిల్‌కల్లా ఎండ నలభై డిగ్రీల దగ్గర కూర్చుంటుంది. ఎవరో ఉత్సాహంగా ఆకులన్నీ ఒకచోట పోసి, పైన పైపుతో నాలుగు చినుకులు కొట్టి వెళ్లిపోతారు. పైపొర తడుస్తుంది, లోపల గలగలలాడే ఎండాకు అలాగే ఉంటుంది. మూడు నెలల తర్వాత చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. "ఇది మనవల్ల కాదు" అని తీర్మానిస్తారు. ఓ తెల్లవారుజామున ఎవరో అగ్గిపుల్ల గీస్తారు.

ఆ అగ్గిపుల్ల గురించి ఒక్క మాట. ఊడ్చే అమ్మని తిట్టడం తేలికే. కానీ చెత్త ఆటోలో కొమ్మలకీ ఆకులకీ చోటుండదు, కాలనీలో పోసుకోవడానికి స్థలం చూపించినవాళ్లూ లేరు. మరి ఆవిడ ఏం చెయ్యాలి? చట్టం మాత్రం గట్టిగానే ఉంది. 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ బయట చెత్త తగలబెట్టినవాళ్లకి 5,000 రూపాయలు, భారీగా తగలబెడితే 25,000 రూపాయలు జరిమానా అని చెప్పింది. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తోట చెత్తని మిగతా చెత్తలో కలపకుండా, పుట్టిన ఆవరణలోనే విడిగా ఉంచాలన్నాయి. ఆటో ఎక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా పోయినా లాభం లేదు. అక్కడ చెత్తగుట్ట కింద గాలి ఆడక కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు అవుతుంది. మన పార్కు మూలే నయం.

ఇక పనిలోకి వద్దాం.

ముందురోజు సాయంత్రం: తడపడం

ఈ పాఠంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి: ఆకుని కుప్ప పేర్చాక కాదు, పేర్చకముందే తడపాలి. ఎండాకు మీద మైనంలాంటి పొర ఉంటుంది. పైనుంచి పోసిన నీళ్లు ఆ పొర మీదుగా జారి నేలలోకి పోతాయే తప్ప ఆకులోకి ఇంకవు. దానికి టైమివ్వాలి.

టార్పాలిన్ పరిచి దాని మీద ఆకు పోయండి. నీళ్లు చల్లుతూ కాళ్లతో తొక్కండి, తిరగేసి మళ్లీ చల్లండి. పిల్లలకి చెప్తే ఈ పని ఉచితంగా అయిపోతుంది, కాకపోతే కాళ్లకి బూట్లుండాలి. తొక్కడంలో ఇంకో లాభం ఉంది. ఆకు చిట్లి ముక్కలవుతుంది, ముక్కైన చోటల్లా సూక్ష్మజీవులకి దారి దొరుకుతుంది. తొక్కాక నాలుగు మూలలూ మడిచి, టార్పాలిన్‌లోనే మూటగా రాత్రంతా వదిలెయ్యండి.

ఎన్ని నీళ్లు? మనం అనుకునేదాని కంటే చాలా ఎక్కువ. కుప్పలో 50 నుంచి 60 శాతం తేమ ఉండాలి. బాగా ఎండిన ఆకులో పది పన్నెండు శాతమే ఉంటుంది. లెక్కేస్తే 10 కిలోల ఎండాకు దాదాపు 10 లీటర్ల నీళ్లు తాగాలి. కిలోకి లీటరు అనుకోండి. పొద్దున్నే మూట విప్పి ఓ గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. వేళ్ల సందుల్లోంచి రెండు మూడు చుక్కలు రాలితే సరిపోయినట్టు. ధార కారితే ఎక్కువైంది, కాసేపు ఎండలో ఆరబెట్టండి. చెయ్యి తడైనా కాకపోతే ఇంకో పూట ఆగాల్సిందే. అంటే ఉతికి పిండిన పంచెలో ఉండేంత తడి కావాలి.

నీళ్ల కరువున్న కాలనీల్లో దీనికి బోరు వెయ్యక్కర్లేదు. ఏసీల నుంచి కారే నీళ్లు పట్టి ఉంచితే బాగా పనికొస్తాయి, బియ్యం కడిగిన నీళ్లు ఇంకా మంచివి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఎప్పుడో ఒకసారి ఫరవాలేదు, రోజూ అవే పోస్తే ఆ ఉప్పు ఎరువులో మిగులుతుంది. నీళ్లు డ్రమ్ములో నిలవ పెడితే మూత తప్పనిసరి. ఆకు కుప్పలో దోమలు పెరగవు, మూతలేని డ్రమ్ములో మాత్రం డెంగీ దోమ హాయిగా గుడ్లు పెడుతుంది.

ఏ ఆకు ఎలాంటిది

కానుగ, నిద్రగన్నేరు, వేప ఆకులు పెట్టుకోవడం అదృష్టం. సన్నగా ఉంటాయి, త్వరగా కుళ్లుతాయి. కానుగాకు పచ్చిరొట్టగా వరి మళ్లలో తొక్కేది అందుకే. మామిడి, రావి, మర్రి, బాదం, గోడల వెంట నిటారుగా పెంచే అశోక ఆకులు మొండివి. వాటిని ఇంకాస్త ఎక్కువ తొక్కాలి, వీలైతే చిదపాలి. అవి మొత్తం కుప్పలో సగానికి మించకుండా చూసుకోండి. నీలగిరి ఆకు ఉంటే కొద్దిగానే కలపండి. కొబ్బరి మట్టలు, బొటనవేలి కంటే లావైన కొమ్మలు కుప్పలోకి రావు. వర్షాకాలానికి ముందు కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టి రోడ్డు పక్కన పడేస్తారు చూడండి, వాటి సంగతి ఐదో పాఠంలో.

పచ్చి ఎక్కడిది?

ఎండాకులో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. ఒక పాలు నత్రజనికి 50 నుంచి 80 పాళ్ల కార్బన్ ఉంటుంది. కోసిన పచ్చగడ్డిలో అయితే 15 నుంచి 20 పాళ్లే. సూక్ష్మజీవులకి 25, 30 మధ్య ఉంటే కడుపు నిండుతుంది. అందుకే రెండూ కలపాలి. ఎంత కలపాలనేదానికి తక్కెడ అక్కర్లేదు, మీ చెయ్యే కొలత: జానెడు మందం ఎండు, దాని మీద బెత్తెడు మందం పచ్చి. జానెడంటే దాదాపు తొమ్మిది అంగుళాలు, బెత్తెడు మూడు. అంటే మూడు వంతులకి ఒక వంతు.

ఇక్కడే మన ఊరు ఒక చిక్కు పెడుతుంది. ఎండాకు మాఘ ఫాల్గుణాల్లో కుప్పలు కుప్పలుగా రాలుతుంది, అప్పుడు పచ్చి ఉండదు. శ్రావణం వచ్చేసరికి గడ్డి, కలుపు, కొమ్మల కత్తిరింపులు పుష్కలం, అప్పుడు ఎండాకు దొరకదు. వినాయక చవితి పత్రి, ఆ తర్వాత బతుకమ్మలకి తెచ్చి మిగిలిపోయిన తంగేడు, గునుగు, దసరాకి గుమ్మాలకి కట్టిన బంతి అన్నీ నెలన్నర వ్యవధిలో మీద పడతాయి. మంచి సరుకే, కానీ ఎండు తోడు లేకపోతే నాలుగు రోజుల్లో జిగురై వాసనేస్తుంది. కాబట్టి ఇప్పుడు రాలుతున్న ఆకంతా ఈ కుప్పలోనే వాడెయ్యకండి. కనీసం సగం గోనె సంచుల్లో కుక్కి, వాన తగలని చోట చవితి దాకా దాచండి. నా దృష్టిలో కాలనీ కంపోస్టు నిలబడేదీ పడిపోయేదీ ఈ సంచుల దగ్గరే.

మరి ఇప్పటి కుప్పకి పచ్చి? గేదెల తబేలాలో అడిగితే పేడ దొరుకుతుంది. రంగు ఏదైనా పేడ మన లెక్కలో పచ్చే. రైతుబజారు మూసే వేళకి కాలీఫ్లవర్ ఆకులు, ముల్లంగి ఆకులు ఊరికే ఇస్తారు. ఎండాకాలం పుచ్చకాయ తొక్కలు ఉండనే ఉంటాయి, వాటిలో నీళ్లెక్కువ కాబట్టి పల్చగా పరచండి. ఇంట్లో కూరగాయల తొక్కలు సరే, వండిన అన్నం, మాంసం వద్దు, ఎలుకలొస్తాయి. చెరకు రసం బండి దగ్గరి పిప్పిని చాలామంది పచ్చి అనుకుంటారు. అది తడిగా ఉన్న ఎండు సరుకు, నత్రజని పెద్దగా ఉండదు. యూరియా చల్లమని చెప్పేవాళ్లూ ఉన్నారు. నత్రజని వస్తుంది, నిజమే. పేడతో అయితే సూక్ష్మజీవులు కూడా వస్తాయి కాబట్టి నా ఓటు పేడకే.

కుప్పలోకి రానివ్వకూడనివి కొన్ని ఉన్నాయి. పూత పట్టిన వయ్యారిభామ, తుంగ గడ్డలు, ఈమధ్య కలుపు మందు కొట్టిన గడ్డి. వయ్యారిభామని పూతకి ముందే పీకితే వెయ్యొచ్చు, కానీ చేతికి గ్లౌజుల్లేకుండా ముట్టుకోకండి, దద్దుర్లొస్తాయి.

పేర్చడం

పొద్దున్నే మొదలుపెడితే ఇద్దరు మనుషులకి ఒక పూట పని. ముందు ఒక డ్రమ్ములో తట్టెడు పేడ వేసి నీళ్లు పోసి పల్చగా కలపండి. పంజరం అడుగున వేలి లావు పుల్లలు అడ్డదిడ్డంగా అర అడుగు మందాన పరవండి. గాలి కింది నుంచి రావాలి. మధ్యలో నాలుగైదు వెదురు కర్రలు కట్టగా నిలబెడితే ఆ గాలి పైకి పోయే దారి కూడా ఏర్పడుతుంది.

ఆ తర్వాత తడిపిన ఎండాకు జానెడు, దాని మీద పచ్చి బెత్తెడు, పైన రెండు మూడు మగ్గుల పేడనీళ్లు, గుప్పెడు తోట మట్టి. మళ్లీ ఎండాకు. పచ్చగడ్డి అయితే ఒకేచోట దిమ్మలా వెయ్యకండి, అట్టకట్టి గాలిని ఆపేస్తుంది. చేత్తో విదిలించి చల్లాలి. ప్రతి పొరనీ అంచుల్లో కాస్త నొక్కండి, మధ్యలో తొక్కొద్దు. నిండేదాకా ఇదే వరస. చివరి పొర ఎప్పుడూ ఎండాకే ఉండాలి. ఈగలు రాకుండా ఆపేది అదే. దాని మీద తడి గోనె సంచి కప్పి, వెదురు కట్టని మెల్లగా ఊపి వదిలెయ్యండి.

ఈ పనంతా ఒక్క రోజులో అవ్వాలి. రోజుకో తట్ట చొప్పున నెలంతా పోస్తే ఎరువు రాదని కాదు, వస్తుంది. కానీ వేడెక్కదు, కలుపు గింజ చావదు.

తర్వాతి పది రోజులు

రెండో రోజో మూడో రోజో వేడి మొదలవుతుంది. ఒక ఇనుప చువ్వ కుప్ప నడిమికి గుచ్చి పది నిమిషాలుంచి తీయండి. కొన పట్టుకోలేనంత కాలితే లోపల యాభై ఐదు డిగ్రీల చుట్టుపక్కల ఉన్నట్టు. ఆ వేడి మూడు రోజులు నిలిస్తే చాలావరకు కలుపు గింజలు, రోగకారక క్రిములు చస్తాయి. డెబ్బై దాటితే మనకి కావాల్సిన సూక్ష్మజీవులు కూడా చస్తాయి. థర్మామీటరు ఉండి అంత చూపిస్తే, వెదురు కట్టని ఊపి గాలి పంపండి, కాసిని నీళ్లు పోయండి.

ఐదో రోజుకి కూడా చువ్వ చల్లగానే ఉందంటే ముందు తడి చూడండి. పదిలో ఎనిమిది సార్లు అదే కారణం అని పందెం కాస్తాను. తడి సరిగ్గా ఉంటే పచ్చి తక్కువైందన్నమాట, ఇంకో బకెట్ పేడనీళ్లు పొయ్యండి. ముక్కు మండే ఘాటు వాసన వస్తే పచ్చి ఎక్కువైంది, ఎండాకు కలపాలి. కుళ్లిన గుడ్డు వాసనైతే లోపల నీళ్లు నిలిచి గాలాడటం లేదు, తిరగేసే పదో రోజు దాకా ఆగకుండా విప్పెయ్యండి.

పాముల భయం అడగకముందే చెప్తాను. తడిగా, వేడిగా ఉన్న కుప్ప నడుమ పాము ఉండదు. దాక్కోవడానికి చోటిచ్చేది చుట్టూ పడేసిన పొడి కొమ్మలు, రాళ్లు. పంజరం చుట్టూ రెండడుగులు ఊడ్చి ఉంచండి. ఆకు సంచులు ఎత్తేటప్పుడు మాత్రం ముందు కర్రతో తట్టండి, తేళ్లుంటాయి.

వచ్చే పాఠం కుప్ప తిరగెయ్యడం. అప్పటిదాకా మూడు పనులు: రోజూ ఒకే వేళకి చువ్వ పెట్టి వేడిని ఓ నోటు పుస్తకంలో 'చల్లన, గోరువెచ్చన, కాలుతోంది' అని రాసుకోండి. కుప్ప ఎంత కుంగిందో పంజరానికి సున్నంతో గీత పెట్టుకోండి. పంజరం పక్కనే ఇంకో పంజరం పట్టేంత ఖాళీ చేసి పెట్టుకోండి, తిరగేసేది అందులోకే.