ఒక్కరే పాడే స్టేజీ మీద తేడా ఎక్కడ వస్తోంది?

బ్యాండ్‌లో ఒకరు తల దించుకున్నా జనం చూపు ఇంకొకరి మీదికి పోతుంది. ఒక్కరే పాడేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. అందుకే ఒక పాటనైనా జనం కూర్చునే చోటి నుంచి వీడియో తీయించుకోండి. అది చూస్తూ కింది వాటిలో మీ సమస్య ఏదో పోల్చుకోండి.

సమస్య: బాగా పాడుతున్నా జనం కబుర్లలో పడుతున్నారు

కారణం చాలాసార్లు గొంతు కాదు, చూపు. లిరిక్స్ స్టాండ్‌ను ముఖానికి ఎదురుగా నిలబెట్టడంతో అది గోడలా అడ్డుపడుతుంది. పైగా కళ్లు స్టాండ్ మీది లిరిక్స్ ట్యాబ్లెట్ మీదే ఉంటాయి. స్టాండ్‌ను నడుము ఎత్తుకు దించి, కాస్త పక్కకు జరిపి, దాదాపు పడుకోబెట్టండి. పల్లవి, మొదటి చరణం కంఠస్థం చేసి, మిగతా చరణాల మొదటి మాటలు మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకోండి. మొదట్లో టెన్షన్‌గా ఉంటుంది కానీ ఇంతకన్నా ఎక్కువ ఫలితమిచ్చే మార్పు నాకైతే కనిపించలేదు. మైకును కొద్దిగా కింది నుంచి పెదవుల వైపు వంచితే ముఖం మరుగున పడదు.

సమస్య: ఫొటోల్లో తల, చేతులే కనిపిస్తున్నాయి

నల్ల తెర ముందు నల్ల బట్టలు వేసుకుంటే అంతే. తెర రంగు ముందే కనుక్కోండి. ముఖమే చీకటిగా ఉంటే లైటు మీ వెనక నుంచి పడుతోందన్నమాట. సౌండ్ చెక్ సమయంలోనే లైటు ముందు నుంచి, కాస్త పైనుంచి పడే చోటు చూసుకుని నేల మీద టేపు గుర్తు పెట్టండి. ల్యాప్‌టాప్ వాడితే స్క్రీన్ వెలుగు తగ్గించండి, లేకపోతే గడ్డం కింద నీలి కాంతి పడుతుంది. సన్నని గీతల చొక్కా వీడియోలో అలలు అలలుగా కదులుతుంది, వద్దు.

సమస్య: బట్టలు సర్దుకుంటూనే ఉన్నారు

అద్దం ముందు నిలబడి మాత్రమే చూసుకుని ఉంటారు. వాయిద్యం పట్టుకుని, కూర్చుని, లేచి, చేయి పైకెత్తి చూసుకోండి. గిటార్‌కు తగిలే బెల్టు బకిల్, మైకులో వినిపించే గాజులు తీసేయండి.

సమస్య: పాటకూ పాటకూ మధ్య ఊపు చచ్చిపోతోంది

శ్రుతి చేసుకోవడం, తర్వాతి పాట వెతుక్కోవడం దీనికి కారణం. ఒకే ట్యూనింగ్, ఒకే కాపో (గిటార్ మెడకు బిగించి శ్రుతి పెంచే క్లిప్) స్థానం ఉన్న పాటలను పక్కపక్కన పెట్టుకోండి. శబ్దం ఆపేసే ట్యూనర్ పెడల్ ఉంటే శ్రుతి చేస్తూనే మాట్లాడొచ్చు. ఆ రెండు మూడు వాక్యాలు ముందే అనుకోండి. "గొంతు బాగోలేదు, ఏమనుకోకండి" అని మాత్రం దయచేసి అనకండి. అప్పటిదాకా పాట వింటున్నవాళ్లు ఆ మాటతో తప్పులు వెతకడం మొదలుపెడతారు.

సమస్య: స్టేజీ చిందరవందరగా ఉంది

ఖాళీ గిటార్ కేసు, బ్యాగు తెర వెనక్కి పంపండి. వైర్లను టేపుతో నేలకు అంటించండి.

సమస్య: చివర్లో ఠప్‌మని శబ్దం, చప్పట్లు ఆగిపోయాయి

సౌండ్ మిక్సర్‌లో మీ ఛానల్ ఆన్‌లో ఉండగానే కేబుల్ పీకారు. పాట అయ్యాక కేబుల్ ముట్టుకోకుండా జనం వైపు చూసి కృతజ్ఞతలు చెప్పండి. సౌండ్ ఆపరేటర్ మ్యూట్ చేశారని సైగ వచ్చాకే కేబుల్ తీయండి.