చదరంగం నేర్చుకుందాం – 7: ఐదో ఎత్తు దగ్గర ఆగండి

గత పాఠంలో ఇటాలియన్ ఆరంభం మూడు ఎత్తులు చూశాం. ఈ4, ఈ5 గళ్లలోకి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) బంట్లు, ఎఫ్3, సీ6లకు గుర్రాలు, ఆపైన సీ4కు తెల్ల ఒంటె, అంటే బిషప్. జవాబుగా నలుపు రెండో గుర్రాన్ని ఎఫ్6లో పెడితే అది రెండు గుర్రాల రక్షణ.

బల్ల పరిచి, పావులు మీ చేత్తోనే కదపండి. తెల్ల గుర్రం జీ5కు దూకింది. ఎఫ్7 బంటు మీద ఒంటె, గుర్రం రెండూ గురిపెట్టాయి. దానికి కాపలా రాజు ఒక్కడే. నలుపు డీ5కు బంటును తోసి ఒంటెకు అడ్డువేస్తే, తెల్ల బంటు దాన్ని చంపుతుంది.

మొన్న అనంతపురం నుంచి మా పిల్లలను కడపలో ఒక పోటీకి తీసుకెళ్లాను. సరిగ్గా ఇక్కడే, నలుపు ఐదో ఎత్తు దగ్గర, మా పదకొండేళ్ల అమ్మాయి చెయ్యి ఎఫ్6 గుర్రం మీద పడింది. ముట్టుకున్న పావునే కదపాలి కదా, దాంతోనే డీ5 బంటును చంపింది. అవతలి అబ్బాయి గుర్రాన్ని ఎఫ్7లో బలిపెట్టాడు. రాజు దాన్ని చంపగానే మంత్రి ఎఫ్3కు వచ్చి చెక్ చెప్పింది. రాజు వెనక్కి తగ్గితే డీ5 గుర్రం పోతుంది. దాన్ని కాపాడాలంటే నడిబల్లకు, ఈ6కు రావాలి. వచ్చాడు. సీ3కు ఇంకో తెల్ల గుర్రం దిగింది. డీ5 మీద మూడు దాడులు! ఇటలీ ఆటగాడు పొలేరియో సుమారు 400 ఏళ్ల కిందటే ఆడిన దాడి ఇది. నలుపు ఓడిపోయినట్టేనని అనను, కానీ గడియారం తిరుగుతుండగా నిలదొక్కుకోవడం చాలా కష్టం.

తిరుగు బస్సులో ఆ అమ్మాయి అడిగింది: “బంటు ఊరికే వస్తోంది కదా సార్, చంపితే తప్పేమిటి?” ఎంత మంచి ప్రశ్న! ఎఫ్7 మీద ప్రమాదం ఇంకా తీరలేదు, అదీ తప్పు.

అక్కడ డీ5 బంటును చంపే బదులు సీ6 గుర్రాన్ని ఏ5కు వేయండి. అంచున గుర్రానికి బలం తక్కువని నేనే చెప్పాను. కానీ ఇక్కడ అది ఒంటెను తరుముతుంది. ఒంటె బీ5 నుంచి చెక్ చెబితే సీ6కు బంటును తోయండి. తెల్ల బంటు దాన్ని చంపుతుంది, మీ బీ7 బంటు తిరిగి చంపుతుంది. మీకు ఒక బంటు తక్కువే, బెదరకండి. ఒంటె ఈ2కు తగ్గాక హెచ్6కు బంటును తోసి గుర్రాన్ని ఎఫ్3కు తరమండి, మీ ఈ5 బంటును ఈ4కు తోసి మళ్లీ తరమండి. తెల్లపావులు పరుగెత్తుతున్నంతసేపూ ఎత్తులు మీవి.

వచ్చే పాఠానికి ఒక పని: సీ6లో ఏ5 గుర్రంతోనూ చంపవచ్చు. బీ7 బంటుతోనే ఎందుకు చంపాం? బీ5 గడిని చూసి జవాబు రాయండి.