ట్రాక్ డేకి ముందు గేర్ ఆయిల్ డబ్బా సరిగ్గా చదవండి
సొంత కారుని రేస్ ట్రాక్ మీద తోలే ట్రాక్ డేకి వెళ్తుంటే, డబ్బా మీద 75డబ్ల్యూ-90 (ఆయిల్ చిక్కదనం చెప్పే నంబర్) అని ఉంటే చాలనుకోకండి, అది జీఎల్-4 ఆ జీఎల్-5 ఆ (గేర్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తులు) అన్నది చూడాలి. జీఎల్-5లో గేర్ పళ్లు అరగకుండా కలిపే సల్ఫర్-ఫాస్ఫరస్ అడిటివ్ దాదాపు రెట్టింపు ఉంటది, డిఫరెన్షియల్‌కి (చక్రాలకి పవర్ పంచే గేర్ల సెట్టు) మంచిదే గానీ ఇత్తడి సింక్రో రింగులున్న (గేర్ మార్చేటప్పుడు గేర్ల వేగాన్ని కలిపే రింగులు) గేర్‌బాక్స్‌లో పోస్తే వేడికి ఇత్తడిని తినేయొచ్చు, పైగా జారుడెక్కువై రింగు పట్టు దొరక్క గేర్ మార్చినప్పుడల్లా కర్‌ర్‌మంటది. బండి మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాసుంటే అదే పోయండి, అయితే అందులోనే ఫుల్ సింథటిక్ తీస్కోండి, చెన్నై ట్రాక్ ఎండల్లో వరసగా సెషన్లు కొడితే ఆయిల్ మామూలుగా కాగదు. ఇంకోటి, మార్చేటప్పుడు ఆయిల్ పోసే బోల్టు ముందు ఊడదీయండి, అది ఊడకుండానే కింద ఖాళీ చేసేస్తే కొత్త ఆయిల్ పోయలేక బండి అక్కడే ఆగిపోద్ది. డ్రెయిన్ బోల్టు మాగ్నెట్‌కి బూడిద రంగు ముద్ద అంటితే భయంలేదు, ఇనప ముక్కలు కనిపిస్తే మాత్రం ట్రాక్ ఎక్కించకండి.